తడి గుడ్డ

రోజుకు నాలుగు వేళ్ల ఎత్తు.
అంతకు మించి పెంచకూడదు బానని.
కింది మట్టి ఇంకా మెత్తగా ఉంటే
పై బరువుకి కడుపు జారి కూలబడుతుంది.
ఇమెరెతీ కొండల్లో ఈ పనికి సారె లేదు.
బాన నిలబడే ఉంటుంది,
మేమే దాని చుట్టూ తిరుగుతాం
చేతిలో మట్టితాడుతో, వెనక్కి వెనక్కి నడుస్తూ.

నా పేరు ఎల్గుజా.
ముప్పై ఏళ్లు ద్రాక్షారసానికి బానలు చేశాను,
ఇరవై ఏళ్లు వాటి అడుగులు చూశాను.
మానేసి ఇది మూడో ఏడు,
మధ్యలో ఒక్క రాత్రి తప్ప.

మేనల్లుడి పెళ్లి.
విందు నడిపే పెద్దాయన కొమ్ము నింపి
పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్తూ
నా వైపు చాచాడు. మా నాన్న పేరు దగ్గర.
వద్దనలేకపోయాను.
ఆ తర్వాత వద్దు అనే మాటే మర్చిపోయాను.

తెల్లారి కళ్లు తెరిస్తే కొట్టంలో, నేల మీద,
గడ్డం నిండా మట్టి.
పక్కనే సగం లేచిన బాన, నా నడుం ఎత్తున,
అంచు మీద తడి గుడ్డ.

నేను కప్పలేదు.

ఇజోల్దా అర్ధరాత్రి లాంతరు పట్టుకొచ్చి
నన్ను దాటుకుని వెళ్లి
బావినీళ్లలో గోనె ముంచి, పిండి, అంచు చుట్టూ కప్పిందట.
నా మీద మాత్రం ఏమీ కప్పలేదు.
"నువ్వు ఎలాగూ తడిగానే ఉన్నావుగా" అంది,
నవ్వకుండా.

మా ఊళ్లో ఇది పసిపిల్లలకీ తెలుసు:
అంచు ఎండిపోతే రేపటి మట్టి అతకదు.
అతికినట్టే కనిపిస్తుంది,
ఆములో బయటపడుతుంది అబద్ధం.
అందుకే ఎవరి కొట్టంలోకి తొంగిచూసినా
ముందు చెయ్యి పెట్టేది అంచు మీదే.
పొడిగా తగిలిందా, వదిలేసిన బాన.
తడిగా తగిలితే
చేసేవాడు మళ్లీ వస్తాడు.

ఆ ఆదివారం చర్చి లోపలికి వెళ్లలేక
గోడవారన తేనెపెట్టెల దగ్గర నిలబడ్డాను.
ఆరాధన అయ్యాక సెరాపియోన్ అయ్యగారు
ముసుగు కట్టుకుని తేనెపట్టు విప్పుతున్నారు.
"మూడేళ్లు కట్టింది ఒక్క రాత్రిలో కూల్చుకున్నాను" అన్నాను.
ఆయన తల ఎత్తలేదు.
"కట్టింది నువ్వని ఎవరు చెప్పారు?"
అని, నా చేతిలో ఒక మైనం ముద్ద పెట్టి
పొమ్మన్నారు.

ప్రభువా,
మొదటి వారం బాన ఒక గిన్నెలా ఉంటుంది,
తర్వాత పశువుల తొట్టిలా,
మెడ తిరిగే రోజుదాకా
అదేమిటో దానికే తెలీదు.
నాకూ తెలీదు.
కొన్నాళ్లు నాలుగు వేళ్లయినా లేవలేదు నాలో ఏదీ.
చలికాలం మట్టి గడ్డకడితే పని ఆపేస్తాం మేము,
నువ్వూ అలా ఆపేసి వెళ్లావనే అనుకున్నాను.
కానీ పొద్దున్నే ఈ సిగ్గు,
పేరు పెట్టలేని ఈ దాహం,
ఎండిపోయి ఉండాల్సిన చోటే
రాత్రి ఎవరో వచ్చి తడిపి వెళ్లినట్టు.

ఇవాళ మళ్లీ మట్టితాడు అందుకున్నాను.
చేతులు వణికాయి.
ఒకచోట వంకర వచ్చింది, చెక్కతో తట్టి సరిచేశాను, పూర్తిగా పోలేదు.
అయినా అంచు పట్టుకుంది.

ఇంకా చాలా ఉంది.
ఏడు పగళ్లు ఏడు రాత్రుల మంట ఉంది.
వేడి తగ్గకముందే లోపలంతా మైనం.
ఆ తర్వాత మెడదాకా నేలలో పూడుస్తారు.
పూడ్చాకే కదా
బానకి అసలు పని.

దీపం ఆర్పేసి పడుకున్నాను.
బావి దగ్గర
ఎవరో గోనె పిండుతున్న చప్పుడు.